కార్నియా లోపలి పొర మార్పిడి: అపోహలు వదిలి ఆపరేషన్‌కు సిద్ధం కావడం ఎలా?

అమ్మకు కార్నియా ఆపరేషన్ అని తెలియగానే తెనాలి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "కన్ను మారుస్తున్నారటగా, ఎవరి కన్నట?" అని ఒకరు. "కంటి రంగు తేడా వస్తుందేమో ముందే అడగండి" అని ఇంకొకరు. "శుక్లం ఆపరేషన్ లాంటిదేలే, సాయంత్రానికి లేచి తిరుగుతుంది" అని పిన్ని. మొదటి రెండు మాటల వల్ల టెన్షన్ తప్ప నష్టమేమీ లేదు. మూడో మాటను మాత్రం మేమూ నమ్మాం. దాని వల్ల అమ్మ రెండోసారి ఆపరేషన్ గదికి వెళ్ళాల్సి వచ్చిందేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మీ ఇంట్లో ఎవరికైనా డీసెక్ లేదా డీమెక్ (కార్నియా లోపలి పొరను మాత్రమే మార్చే రెండు రకాల ఆపరేషన్లు) చేయాలని డాక్టర్ చెప్పి ఉంటే, ఈ వరుసలో సిద్ధపడండి. ఈ ఆపరేషన్‌లో డాక్టర్ పని చాలాసార్లు గంటలోపే ముగిసిపోతుంది. ఆ తర్వాత పనంతా రోగిది, ఇంటివాళ్ళది.

1. పాడైంది ఏ పొరో తెలుసుకోండి

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన భాగమే కార్నియా. మందం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. అంత పలుచని దాంట్లోనూ పొరలున్నాయి. అన్నిటికంటే లోపల, కంటిలోని నీటిని తాకుతూ, ఒకే ఒక్క వరుస కణాలు ఉంటాయి. వాటిని ఎండోథీలియం అంటారు. వానాకాలంలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి నీరు ఊరుతుంటే మోటారు పెట్టి తోడేస్తూ ఉంటాం కదా, ఈ కణాలు చేసేదీ అదే పని. కార్నియాలోకి ఊరే నీటిని ఎప్పటికప్పుడు బయటకు తోడేస్తాయి. తోడినంత కాలం అద్దం తేటగా ఉంటుంది. తోడడం తగ్గితే కార్నియా ఉబ్బి, ఆవిరి పట్టిన అద్దంలా మసకబారుతుంది.

పెద్దవాళ్ళలో ఈ కణాలు చదరపు మిల్లీమీటరుకు సుమారు 2500 ఉంటాయి. పోయినవి మళ్ళీ పుట్టవు. పక్కనున్న కణాలే సాగి ఖాళీని కప్పుతాయి. సంఖ్య 500 దరిదాపులకు పడిపోతే వాపు మొదలయ్యే ప్రమాదం ఎక్కువ. కణాలు తగ్గిపోవడానికి మన దగ్గర ఎక్కువగా కనిపించే కారణాలు రెండు. ఒకటి, ఎప్పుడో జరిగిన శుక్లం ఆపరేషన్ వల్ల కణాలు దెబ్బతినడం. అమ్మది ఇదే. రెండోది ఫుక్స్ డిస్ట్రోఫీ. ఆస్ట్రియా కంటి వైద్యుడు ఎర్నెస్ట్ ఫుక్స్ 1910లో వివరించిన జబ్బు ఇది. చాలా కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది, సాధారణంగా రెండు కళ్ళకూ వస్తుంది.

రెండింటికీ ఒక గుర్తు ఉంది. పొద్దున లేవగానే బాగా మసకగా ఉండి, మధ్యాహ్నానికి కొంత తేటపడుతుంది. రాత్రంతా రెప్ప మూసి ఉండటం వల్ల కార్నియా మీది తడి ఆవిరి కాదు, నీరు లోపలే నిలుస్తుంది. పగలు కళ్ళు తెరిచి ఉంచితే కొంత ఆరుతుంది. "పొద్దున పేపర్ కనపడట్లేదు, భోజనాల వేళకి కనిపిస్తోంది" అని అమ్మ నెలల తరబడి అంటుంటే మేం నిద్ర చాలక అనుకున్నాం. మీరు అలా వదిలేయకండి.

ఇక్కడే ఒక పెద్ద అపోహ ఉంది. కంట్లో పువ్వు వేసినా ఈ ఆపరేషన్ చేయించుకుంటే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. పువ్వంటే కార్నియా మధ్య పొరలో ఏర్పడ్డ మచ్చ. లోపలి పొర మార్చితే ఆ మచ్చ అలాగే ఉంటుంది. దానికి వేరే రకం మార్పిడి ఉంది. అలాగే నీటికాసుల (గ్లకోమా) వల్లో, రెటీనా (కంటి వెనకుండే తెర) దెబ్బతినడం వల్లో పోయిన చూపును కార్నియా మార్పిడి తిరిగి తేలేదు. అందుకే ఆపరేషన్‌కు ముందు రెటీనా, కంటి నరం ఎలా ఉన్నాయో, కంటి ఒత్తిడి ఎంత ఉందో చూపించుకోండి. కార్నియా మసక వల్ల రెటీనా కనపడకపోతే స్కానింగ్ చేస్తారు. "ఆపరేషన్ తర్వాత ఎంతవరకు చూపు రావచ్చు?" అని అప్పుడే సూటిగా అడగండి.

2. ముదిరేదాకా ఆగకండి, అలాగని తొందరపడకండి

శుక్లం ముదిరాక తీయించుకోవాలనే పాత మాట పెద్దవాళ్ళ మనసులో బలంగా ఉంది. దాన్నే ఇక్కడా అన్వయిస్తారు. కార్నియా నెలలు, ఏళ్ళు ఉబ్బి ఉంటే మధ్య పొరలో మచ్చ పడుతుంది. అప్పుడు లోపలి పొర కొత్తది వేసినా చూపు పూర్తిగా తేటపడదు. పైన నీటి పొక్కులు లేచి పగులుతుంటే, ఇసుక పడ్డట్టు గుచ్చుకునే నొప్పి కూడా ఉంటుంది.

మరోవైపు, ఫుక్స్ ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ అక్కర్లేదు. చాలామంది ఏళ్ళ తరబడి పరీక్షలతోనే సరిపెట్టుకుంటారు. వాపు కొద్దిగా ఉంటే ఉప్పు శాతం ఎక్కువున్న చుక్కల మందు ఇస్తారు. అది నీటిని లాగుతుంది కానీ కణాలను తిరిగి పుట్టించదు. ఆముదం, చనుబాలు, ఊళ్ళో ఎవరో ఇచ్చిన పసరు ఏవీ కంట్లో వేయకండి. వాటి వల్ల కార్నియాకు పుండు పడితే అప్పుడు పోయేది ఒక్క పొర కాదు.

కణాలను ప్రయోగశాలలో పెంచి కంట్లోకి ఎక్కించే చికిత్స గురించి కూడా మీరు వినే ఉంటారు. అది కల్పన కాదు. జపాన్‌లో క్యోటోకు చెందిన షిగెరు కినోషిత బృందం ఆ పని చేసి, 2018లో ఫలితాలు ప్రకటించింది. కానీ మన ఊళ్ళో "స్టెమ్ సెల్ చుక్కలు" అని ఎవరైనా అమ్మితే దానికీ దీనికీ సంబంధం లేదు. ఆ డబ్బు పెట్టకండి.

3. చేసేది ఏ రకమో పేరు పెట్టి అడగండి

మొదటి విజయవంతమైన కార్నియా మార్పిడిని 1905లో ఎడువర్డ్ జిర్మ్ అనే వైద్యుడు చేశారు. ఆ తర్వాత సుమారు శతాబ్దం పాటు కార్నియా మధ్య భాగాన్ని మొత్తంగా గుండ్రంగా కోసి, కొత్తది చుట్టూ కుట్టడమే ప్రధాన పద్ధతి. ఆ కుట్లు ఏడాదికి పైగా కంట్లోనే ఉండేవి. నెదర్లాండ్స్ డాక్టర్ గెరిట్ మెల్లెస్ 1998 నుంచి లోపలి పొరను మాత్రమే మార్చే దారి చూపించారు. కిటికీ అద్దం మీద ఫిల్మ్ పాడైతే అద్దం పగలగొట్టకుండా ఫిల్మ్ ఒక్కటే మార్చడం లాంటిది ఇది.

డీసెక్‌లో లోపలి పొరతో పాటు మధ్య పొర ముక్క కొంచెం పలుచగా కలిసి వస్తుంది. సుమారు 100 నుంచి 200 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). డీమెక్‌లో అది కూడా ఉండదు. 10 నుంచి 15 మైక్రాన్లే, తల వెంట్రుక కంటే చాలా పలుచన. డీమెక్‌లో చూపు త్వరగా వస్తుంది, శరీరం పొరను తిరస్కరించే అవకాశమూ తక్కువ. అమెరికాలో ఒకే కేంద్రంలో చేసిన పోలికలో రెండేళ్ళ లోపు తిరస్కరణ అవకాశం డీమెక్‌లో 1 శాతం, డీసెక్‌లో 12 శాతం, పాత పద్ధతిలో 18 శాతంగా తేలింది.

అలాగని "డీమెక్ చేయలేదంటే పాత డాక్టర్" అనుకోవడం పొరపాటు. కార్నియా బాగా మసకగా ఉండి లోపల సరిగా కనపడకపోయినా, ఇంతకు ముందు నీటికాసుల ఆపరేషనో, రెటీనా ఆపరేషనో జరిగి ఉన్నా, కంట్లో లెన్స్ సరైన చోట లేకపోయినా డీసెక్కే మేలైనది కావచ్చు. అమ్మకు డీసెక్ చేశారు. ఎందుకో డాక్టర్ రెండు నిమిషాల్లో చెప్పారు. అడిగితే చెబుతారు, అడగండి.

4. దాత గురించిన భయాలు పక్కన పెట్టండి

పెట్టేది కన్ను కాదు, కనుపాప కాదు. రంగు లేని ఒక సన్నని పొర. కంటి రంగు, రూపు ఏమీ మారవు. ఈ మార్పిడికి మామూలుగా బ్లడ్ గ్రూపు కలవాల్సిన పని లేదు. దాత ఆడా మగా అన్న పట్టింపూ లేదు. దాత వయసు విని కంగారు పడకండి. "డెబ్బై ఏళ్ళ ఆవిడదట, మాకెందుకు?" అని ఆసుపత్రిలో మా పక్కనే కూర్చున్న ఒకాయన వాదించారు. నిజానికి డీమెక్‌కు పెద్ద వయసు దాతల పొరనే చాలామంది సర్జన్లు ఇష్టపడతారు. చిన్న వయసు వారి పొర గట్టిగా చుట్ట చుట్టుకుపోయి కంట్లో విప్పడం కష్టమవుతుంది. చూసేది వయసు కంటే కణాల లెక్క. ఐ బ్యాంకులో మైక్రోస్కోపుతో ఆ లెక్క తీస్తారు, హెచ్ఐవీ, హెపటైటిస్ వంటి వాటికి దాత రక్తాన్ని పరీక్షిస్తారు.

బతికున్న కొడుకో కూతురో ఇవ్వలేరు. మరణించిన వారి కుటుంబం నేత్రదానానికి ఒప్పుకుంటేనే కార్నియా వస్తుంది. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం దాన్ని కొనకూడదు, అమ్మకూడదు. ఐ బ్యాంకు తీసుకునే ప్రాసెసింగ్ ఖర్చు వేరు. ఎవరైనా "కన్ను ఇప్పిస్తాం" అని డబ్బు అడిగితే నేరుగా ఆసుపత్రి కౌన్సెలర్‌కు చెప్పండి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి చెందిన రామాయమ్మ ఇంటర్నేషనల్ ఐ బ్యాంక్ వంటివి దశాబ్దాలుగా ఈ పని చేస్తున్నాయి.

ఇక్కడ మీరు చేయాల్సింది ఒకటుంది. సేకరించిన కార్నియా వాడిన ద్రావణాన్ని బట్టి నాలుగు రోజులో, రెండు వారాలో మాత్రమే నిల్వ ఉంటుంది. కాబట్టి "రేపు రండి" అని ఫోన్ రావచ్చు. రక్త పరీక్షలు, షుగర్, బీపీ ముందే సరి చూసుకుని, ఆ ఫోన్ నంబర్ ఎప్పుడూ ఎత్తేలా ఉండండి. రక్తం పలుచబడే మందులు, ప్రొస్టేట్ మందులు వాడుతుంటే చెప్పండి. మీ అంతట మీరు ఆపకండి. ఆరోగ్యశ్రీ, ఉద్యోగుల హెల్త్ కార్డు, బీమా ఈ ఆపరేషన్‌కు వర్తిస్తాయో లేదో కౌంటర్‌లో ముందే అడిగి, కావలసిన కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి.

5. వెల్లకిలా పడుకోవడం ముందే అలవాటు చేయండి

ఈ ఒక్క అంశం మీద మీకు చాలా చెప్పాలి, ఎందుకంటే మేం తప్పింది ఇక్కడే.

కొత్త పొరను కుట్లతో బిగించరు. కంట్లోకి గాలి బుడగనో, వాయువునో ఎక్కిస్తారు. ఆ బుడగే పొరను కార్నియాకు నొక్కి పట్టుకుంటుంది. మేస్త్రీ రసమట్టంలో బుడగను చూశారా? ఎటు తిప్పినా పైకే పోతుంది. కంట్లోనూ అంతే. మనిషి వెల్లకిలా పడుకుని పైకప్పును చూస్తుంటే కార్నియా పైన ఉంటుంది, బుడగ సరిగ్గా దాని కింద చేరి పొరను అంతా సమంగా అదిమి పడుతుంది. లేచి కూర్చుంటే బుడగ కంటి పై అంచుకు జారిపోతుంది. పొర కింది సగానికి ఆసరా ఉండదు.

అమ్మ డిశ్చార్జి అయిన సాయంత్రమే బంధువులు యాపిల్స్ పట్టుకుని పరామర్శకు వచ్చారు. "వచ్చినవాళ్ళ ముందు పడుకుని ఎలా మాట్లాడనే?" అని అమ్మ లేచి కూర్చుంది. మూడు గంటలు. శుక్లం ఆపరేషన్ లాంటిదే కదా అని నేనూ ఆపలేదు. మర్నాడు పరీక్షలో పొర కింది అంచు ఊడి ఉంది. కూర్చున్నందువల్లే ఊడిందని డాక్టర్ అనలేదు. శ్రద్ధగా పడుకున్నవారికీ కొందరికి ఊడుతుంది. కానీ మా చేతిలో ఉన్న పని మేం చేయలేదు.

మీరు ఇలా చేయండి. ఆపరేషన్‌కు వారం ముందు నుంచి రోజూ గంటసేపు దిండు లేకుండా, లేదా బాగా పలుచని దిండుతో వెల్లకిలా పడుకోబెట్టి చూడండి. నడుము నొప్పి, ఆయాసం, దగ్గు, మెడ పట్టేయడం ఏదైనా ఉంటే ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌కు చెప్పండి. మోకాళ్ళ కింద ఒక దిండు పెడితే నడుముకు చాలా హాయి. మంచం బాత్రూముకు దగ్గరగా జరపండి. వినడానికి రేడియోనో, ఫోన్‌లో ప్రవచనాలో సిద్ధం చేయండి. బంధువులకు ముందే ఫోన్ చేసి "వారం తర్వాత రండి" అని చెప్పేయండి. ఇది మర్యాద తక్కువ కాదు.

ఎన్ని గంటలు, ఎన్ని రోజులు అన్నది మీ డాక్టర్ చెప్పినంత. డీసెక్‌కు సాధారణంగా తక్కువ, డీమెక్‌కు రెండు మూడు రోజులో ఇంకాస్త ఎక్కువో చెబుతారు. అన్నం తినడానికి, బాత్రూముకు లేవవచ్చు. పని కాగానే మళ్ళీ పడుకోవాలి. బుడగ కరిగే కొద్దీ చూపులో ఒక గీత అటూ ఇటూ ఊగుతున్నట్టు కనిపించవచ్చు, దానికి భయపడనక్కర్లేదు.

బుడగ కంట్లో ఉన్నంత కాలం విమానం ఎక్కకూడదు. ఎత్తుకు వెళ్తే బుడగ ఉబ్బి కంటి ఒత్తిడి పెరుగుతుంది. గాలి అయితే కొద్ది రోజుల్లో పోతుంది, వాయువు ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది. ఆపరేషన్ బాగా జరిగితే తిరుమల వస్తామని మొక్కుకున్నవారు డాక్టర్ సరే అన్నాకే కొండ ఎక్కండి. పుష్కరిణిలో మునగడం ఇంకా చాలా ఆలస్యంగా.

6. ఆపరేషన్ రోజు

మత్తు చాలామందికి కంటి చుట్టూ మాత్రమే ఇస్తారు. చిన్న గాటు చాలు, ఒకటి రెండు కుట్లు పడవచ్చు, పడకపోవచ్చు. శుక్లం కూడా ఉంటే రెండూ ఒకేసారి చేయడం మామూలే.

ఆ రాత్రి ఒక్కటి గుర్తుంచుకోండి. కొంచెం మంట, నీరు కారడం సహజం. కానీ భరించలేని కంటి నొప్పి, తలపోటు, వాంతులు వస్తే బుడగ లోపలి నీటి దారికి అడ్డుపడి ఒత్తిడి పెరిగిందేమో అని అనుమానించాలి. నొప్పి మాత్ర వేసి తెల్లారేదాకా చూడొద్దు, అప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

మర్నాడు పొర కొంచెం ఊడిందని చెబితే ఆపరేషన్ ఫెయిల్ అయినట్టు కాదు. మళ్ళీ గాలి ఎక్కిస్తారు. అమ్మకు అదే చేశారు. ఈసారి వీధి తలుపు వేసి, రెండు రోజులు నేను మంచం పక్కనే కూర్చున్నాను. పొర అంటుకుంది.

7. చుక్కల మందు వేసే పద్ధతి

చేతులు కడుక్కుని, కింది రెప్ప కిందికి లాగి ఒక్క చుక్క వేయండి. రెండు చుక్కలు వేస్తే రెట్టింపు పనిచేస్తుందనేది తప్పు. కంట్లో ఒక చుక్కకే చోటు సరిపోదు, మిగతాది చెంప మీదికి కారిపోతుంది. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన మూలలో వేలితో ఒకటి రెండు నిమిషాలు మెల్లగా అదమండి. రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగండి. తెల్లగా పాలలా ఉండే ప్రెడ్నిసొలోన్ (ఇది స్టెరాయిడ్ మందు) సీసాను బాగా కుదపండి, లేకపోతే మందు అడుగునే ఉండిపోతుంది. సీసా మూతిని కంటికి తాకించకండి.

స్టెరాయిడ్ అనగానే మా మేనమామ "అది ఒంటికి మంచిది కాదు, ఆపేయండి" అన్నారు. ఇలా చెప్పేవారు మీ ఇంట్లోనూ ఉంటారు. ఈ చుక్కలను మొదట్లో రోజుకు చాలాసార్లు వేసి, తర్వాత నెలల మీద తగ్గిస్తూ, చాలామందికి రోజుకు ఒక చుక్క ఏళ్ళ తరబడి కొనసాగిస్తారు. చూపు బాగుందని ఆపేస్తే తిరస్కరణ రావచ్చు. దీనికి ఎదురుగా ఇంకో తప్పుంది. చెకప్‌కు వెళ్ళకుండా పాత చీటీతో మందుల షాపులో కొనుక్కుంటూ పోతే కంటి ఒత్తిడి పెరిగి, నొప్పి తెలియకుండానే నరం దెబ్బతినవచ్చు. చుక్కలు మానకూడదు, ఒత్తిడి చూపించుకోవడమూ మానకూడదు.

పత్యం ఏమీ లేదు. పప్పు, వంకాయ, గోంగూర అన్నీ తినవచ్చు. షుగర్ ఉన్నవారు షుగర్ సంగతి చూసుకుంటే చాలు. కంటిని నలపకూడదు, రాత్రి షీల్డ్ పెట్టుకోవాలి, తలస్నానం డాక్టర్ చెప్పాకే. కుంకుడుకాయ రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

8. చూపు ఎప్పుడు వస్తుందని రోజూ అడగకండి

శుక్లం ఆపరేషన్‌లా మర్నాటికే తేటగా కనపడదు. బుడగ ఉన్నన్ని రోజులు మసకే. డీమెక్‌లో వారాల్లో, డీసెక్‌లో నెలల్లో మెల్లగా మెరుగవుతుంది. కళ్ళజోడు నంబర్ కొత్తగా రాయించుకోవడానికి సుమారు మూడు నెలలు ఆగండి. డీసెక్ తర్వాత నంబర్ కొంచెం ప్లస్ వైపు మారడం మామూలు.

9. ఈ నాలుగు గుర్తులు గోడ మీద రాసి పెట్టండి

ఎరుపు. వెలుగు చూడలేకపోవడం. చూపు తగ్గడం. నొప్పి. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా అదే రోజు చూపించండి. ఆపరేషన్ అయి మూడేళ్ళయింది కదా అనుకోవద్దు, తిరస్కరణ ఏళ్ళ తర్వాతా రావచ్చు. త్వరగా వెళ్తే చాలాసార్లు చుక్కల మందుతోనే వెనక్కి మళ్ళుతుంది. ఒకవేళ పొర పాడైనా, మరో పొర వేసే అవకాశం ఉంటుంది.

కారణం ఫుక్స్ అయితే రెండో కంటికీ, నలభై దాటిన తోబుట్టువులకూ పిల్లలకూ ఒకసారి పరీక్ష చేయించండి. అమ్మలా శుక్లం ఆపరేషన్ తర్వాత వచ్చినదైతే పిల్లలకు రాదు. కానీ రెండో కంటికి శుక్లం తీయించే ముందు ఆ కంటి కణాల లెక్క తీయించి, మొదటి కంటికి జరిగింది సర్జన్‌కు చెప్పండి. మేం వచ్చే నెల చేయబోయేది అదే.